చిత్రం మనది, గూడు పక్షిది

పాలపిట్ట కరెంటు తీగపై కూర్చుని ఉన్నప్పుడు దానిని చూసి ఆగేవారు తక్కువ. మట్టిరంగు మెడ, పెద్ద తల, ఉలుకూ పలుకూ లేని కూర్పు. అది రెక్కలు విప్పి గాలిలోకి లేచిన మరుక్షణం ముదురు నీలం, లేత నీలం పట్టీలు పట్టీలుగా మెరుస్తాయి. రెండు మూడు రెప్పపాటుల తరువాత ఆ రంగులన్నీ మరో తీగపై మళ్లీ ముడుచుకుంటాయి. ఆ కాసింత సేపటి వెలుగును పట్టి నిలుపుకోవాలన్న కోరిక మానవ సహజమైనది. నేడు ఆ కోరిక తీరే సాధనం దాదాపు ప్రతి ఇంటికీ వచ్చింది. ఫజ్ర్ నమాజు ముగించుకుని కెమెరాతోనో, ఫోన్‌తోనో ఊరి చెరువు గట్టుకు వెళ్లే యువకులు మన కుటుంబాలలోనూ కనిపిస్తున్నారు. సెలవు దినాన్ని నిద్రకూ, వీధి అరుగులకూ అప్పగించడం కన్నా ఇది ఎంతో మేలైన వ్యాపకం. దానిని మేము మనసారా ఆహ్వానిస్తున్నాము. అయితే ఈ వ్యాపకానికి ఒక మర్యాద ఉంది. అది తెలియకుండా కెమెరా పట్టినవారు, తాము ప్రేమిస్తున్నామనుకునే పక్షికే కీడు తలపెట్టినవారవుతారు. ఈ నెల ఆ మర్యాదను గురించి ముచ్చటించుకుందాం.

కెమెరా రాకముందు పక్షి అందాన్ని కాగితంపైకి తేవాలంటే సాధారణంగా దాని ప్రాణం తీయవలసి వచ్చేది. అమెరికా పక్షులను నిలువెత్తు చిత్రాలుగా గీసి ప్రపంచ ఖ్యాతి పొందిన ఆడుబాన్, తుపాకీతో కొట్టిన పక్షులను తీగలతో నిలబెట్టి ఎదుట ఉంచుకుని గీసేవాడు. మన దేశపు పక్షిశాస్త్రానికి పెద్దదిక్కయిన సలీం అలీ కథ కూడా ఒక చిన్న తుపాకీతోనే మొదలైంది. 1896లో ముంబయిలో జన్మించి, బాల్యంలోనే తల్లిదండ్రులను కోల్పోయి, మేనమామ ఇంట పెరిగిన ఆ బాలుడు ఒకనాడు ఎయిర్‌గన్‌తో ఒక పిచ్చుకను కొట్టాడు. దాని గొంతు మీద పసుపు మరక వంటి గుర్తు కనిపించింది. ఇది మామూలు పిచ్చుకేనా, తినదగినదేనా అన్న సందేహంతో మేనమామకు చూపించాడు. ఆయన ఆ పిల్లవాణ్ణి బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీకి పంపించాడు. అక్కడ తెరుచుకున్న తలుపు అతని జీవితమార్గాన్నే నిర్ణయించింది. ఆయన తదనంతరం 1931లో మన హైదరాబాద్ సంస్థానంలో పక్షుల సర్వే నిర్వహించారు. ఆనాటి పద్ధతి ప్రకారం అటువంటి సర్వేలలో పక్షుల నమూనాలను సేకరించి భద్రపరచేవారు. ఆ నమూనాల ఆధారంగానే నేటి పక్షి గ్రంథాలు తయారయ్యాయి. ఆ శాస్త్రవేత్తల శ్రమను తక్కువ చేయవలసిన పని లేదు. కానీ నేడు ఒక సామాన్యుడు పక్షిని గుర్తించడానికి తుపాకీ అక్కరలేదు. ఒక స్పష్టమైన ఛాయాచిత్రం చాలు.

ఈ మార్పుకు దారి వేసినవారిలో ఇంగ్లండుకు చెందిన కియర్టన్ సోదరులు ముఖ్యులు. రిచర్డ్, చెర్రీ అనే ఈ అన్నదమ్ములు బరువైన పెట్టె కెమెరాలను భుజాన మోసుకుని కొండలూ పొదలూ తిరిగారు. 1895లో వారు వెలువరించిన పక్షి గూళ్ల గ్రంథంలోని బొమ్మలన్నీ ప్రకృతిలో తీసిన ఛాయాచిత్రాలే. పక్షులు తమను చూసి బెదరకుండా ఉండేందుకు వారు ఎద్దు చర్మంతో ఒక బొమ్మ ఎద్దును తయారు చేసి, దాని కడుపులో దాగి చిత్రాలు తీసేవారు. నవ్వు పుట్టించే ఉపాయమే అయినా అందులో ఒక గొప్ప వివేకం దాగి ఉంది. పక్షిని తమ దగ్గరకు రప్పించడం కన్నా, తాము అక్కడ లేనట్లు ఉండటమే మేలని వారు గ్రహించారు. నేటికీ ఈ కళకు పునాది అదే.

ముందుగా రంగుల సంగతి చూద్దాం. పాలపిట్ట రెక్కలలో గాని, లకుముకి వీపు మీద గాని నీలిరంగు పదార్థం ఏదీ లేదంటే చాలామంది నమ్మరు. ఈకలోని అతి సూక్ష్మమైన నిర్మాణం వెలుతురులోని నీలాన్ని మాత్రమే వెనక్కు పంపుతుంది. కనుక అక్కడ మన కంటికి నీలం కనిపిస్తుంది. రామచిలుక పచ్చదనం ఇటువంటి నీలమూ, ఈకలోని పసుపు పదార్థమూ కలిసి ఏర్పడినది. ఫ్లెమింగో గులాబీ వన్నె మాత్రం వేరు. అది తినే నాచు, చిన్న రొయ్యల వంటి జీవుల నుంచి ఒంట చేరుతుంది. మగ తేనెపిట్టను నీడలో చూస్తే బొగ్గుముక్క. ఎండ సరైన కోణంలో తగిలితే ఊదా, నీలం కలిసిన లోహపు మెరుపు. ఒక్కొక్క పిట్టలో ఎంతటి సృష్టి చాతుర్యం ఇమిడి ఉందో ఆలోచించేవారికి ఇదొక పాఠం. చిత్రకారునికి ఇదే ఒక సూత్రం కూడా: రంగు పక్షిలో సగం, వెలుతురులో సగం.

కాబట్టి సూర్యోదయం తరువాతి రెండు గంటలు, సాయంత్రం పొద్దు వాలే వేళ ఈ పనికి శ్రేష్ఠమైనవి. నడినెత్తి ఎండలో రంగులు వెలవెలబోతాయి, కంటి చుట్టూ నీడ పడుతుంది. సూర్యుణ్ణి వీపు వెనుక ఉంచుకోవాలి. పక్షి నీటి అంచున ఉంటే మనమూ నేలకు వంగి, దాని కంటి ఎత్తు నుంచి చూడాలి. ఫోకస్ కంటి మీదనే ఉండాలి. కన్ను స్పష్టంగా లేని చిత్రంలో ప్రాణం ఉండదు. ముదురు నీటి ముందు నిలిచిన తెల్లకొంగను తీసేటప్పుడు కెమెరాలో వెలుతురును కాస్త తగ్గించకపోతే ఈకల గీతలన్నీ చెరిగిపోయి సున్నపు మరకలా మిగులుతుంది. ఎగిరే పక్షికి షట్టర్ వేగం సెకనులో వెయ్యోవంతు గాని, అంతకన్నా తక్కువ సమయం గాని ఉండాలి.

ఇంత చెప్పినా అసలైన పనిముట్టు ఓపికే. ఆకుపచ్చని చిన్ని పసిరిక పిట్టను గమనించండి. అది ఒక ఎండు కొమ్మ మీది నుంచి ఎగిరి, గాలిలో తూనీగనో తేనెటీగనో పట్టి, తరచుగా అదే కొమ్మకు తిరిగి వస్తుంది. లకుముకి కూడా చెరువులో తనకు నచ్చిన గుంజలను ఏర్పరచుకుంటుంది. ఈ అలవాటు తెలిసినవాడు పక్షి వెంట పరుగులు తీయడు. దూరంగా, చెట్టు నీడన కూర్చుని ఆ కొమ్మ వైపు కెమెరా నిలిపి ఎదురుచూస్తాడు. పక్షులు సాధారణంగా గాలికి ఎదురుగా లేస్తాయి, గాలికి ఎదురుగానే వాలుతాయి. కనుక గాలి మన వీపుకు తగిలేలా కూర్చుంటే పక్షి మన వైపుకే వస్తుంది. ఎగరబోయే ముందు అది ఒళ్లు ముందుకు వంచుతుంది, తరచుగా రెట్ట వేస్తుంది. ఈ గుర్తులను చదవగలిగినవారికి పాలపిట్ట రెక్కల నీలం చిక్కడానికి రాయి విసరవలసిన అవసరం ఉండదు.

ఇక ఎక్కడికి వెళ్లాలి? మన రెండు రాష్ట్రాలూ ఈ విషయంలో భాగ్యవంతమైనవి. తిరుపతి వైపున నేలపట్టులో గూడబాతులు నీటిలోని చెట్లపై గూళ్లు కడతాయి. దాని పక్కనే ఉన్న పులికాట్ సరస్సుకు శీతకాలంలో ఫ్లెమింగోలు వస్తాయి. కొల్లేరు అంచున ఆటపాక, శ్రీకాకుళం జిల్లాలో తేలినీలాపురం, గుంటూరు దాపున ఉప్పలపాడు ఎర్రకాళ్ల కొంగలకూ గూడబాతులకూ పేరుపడినవి. ఉప్పలపాడు చెరువు ఊరికి ఆనుకునే ఉంది. ఇళ్ల మధ్యనే వేలాది పక్షులు నిర్భయంగా కాపురం చేస్తాయి. హైదరాబాదు శివారులోని అమీన్‌పూర్ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. అంత దూరం వెళ్లలేనివారు కూడా నిరాశ పడవలసిన పని లేదు. పెరటిలోని మందారం దగ్గరకు తేనెపిట్ట వస్తుంది. గడ్డి నేల మీద తల మీది కిరీటాన్ని విప్పుతూ ముడుస్తూ తిరిగే కూకుడు గువ్వ కనిపిస్తుంది. సులైమాన్ ప్రవక్త వృత్తాంతంలో మన పిల్లలు విన్న హుద్‌హుద్ పక్షి ఇదేనని చెప్పి చూపితే, వారి కళ్లలో కలిగే వెలుగు ఏ చిత్రానికీ తీసిపోదు.

ఇప్పుడు మేము ఈ నెల ప్రత్యేకంగా చెప్పదలచుకున్న మాటకు వద్దాం. అది గూటిని గురించినది.

పక్షి ఎప్పుడూ ఒకచోట నిలవదు. గూటి వద్దకు మాత్రం మళ్లీ మళ్లీ వచ్చి తీరుతుంది. కనుక గూటి దగ్గర కాపు వేస్తే చిత్రం తేలికగా దొరుకుతుంది. తల్లి నోటి నుంచి పిల్ల నోటికి ఆహారం అందే దృశ్యం చూసేవారి మనసును కరిగిస్తుంది, మెప్పులు కురిపిస్తుంది. సరిగ్గా ఇక్కడే ప్రమాదం పొంచి ఉంది. గూడు బాగా కనబడాలని అడ్డు వచ్చిన రెమ్మలను విరిచేవారున్నారు. ఆ రెమ్మలు తల్లి ఏరి కోరి ఎంచుకున్న పరదా. అది తొలగితే మధ్యాహ్నపు ఎండ నేరుగా పసికూనలపై పడుతుంది. కాకి కంటికి, డేగ కంటికి గూడు బట్టబయలవుతుంది. చిత్రం తీసినవాడు ఇంటికి వెళ్లి భోజనానికి కూర్చునే వేళకు గూడు ఖాళీ అయి ఉండవచ్చు. ఆ సంగతి అతనికి ఎన్నటికీ తెలియదు కూడా. రెక్కలు పూర్తిగా రాని కూనలు బెదిరి గూటిలో నుంచి దూకేస్తే, వాటిని తిరిగి లోపల పెట్టడం తల్లి పక్షి తరం కాదు.

తీతువు పిట్టను తీసుకోండి. అది గూడంటూ కట్టదు. బీడు నేలలో, గులకరాళ్ల నడుమ, రాళ్ల రంగులోనే కలిసిపోయే గుడ్లు పెడుతుంది. అవి సాధారణంగా నాలుగు. వేసవి మండుటెండలో ఆ నేల మీద మనం చెప్పులు లేకుండా నిలబడలేము. తల్లిదండ్రులలో ఒకటి గుడ్లకు నీడ పడుతుంది. నీటి గుంటకు వెళ్లి పొట్ట ఈకలను తడిపి తెచ్చి గుడ్లను చల్లబరుస్తుంది. మనిషి దగ్గరకు రాగానే అది లేచి, అరుస్తూ తల చుట్టూ తిరుగుతుంది. ఒక్కోసారి రెక్క విరిగినట్లు నటించి మనలను దూరంగా లాక్కుపోవాలని చూస్తుంది. ఎర్రని తిత్తులు, తెరచిన రెక్కలు కెమెరాకు ఎంతో అందంగా కనిపిస్తాయి. కాని అది భయంతో వేసే కేక. ఆ కేక కొనసాగినంతసేపూ గుడ్లు ఎండకు వదిలివేయబడి ఉంటాయి. పదిహేను నిమిషాల చిత్రీకరణ నాలుగు ప్రాణాల ఖరీదు కావచ్చు.

ఈ సందర్భంలో అబూ దావూద్ హదీసు గ్రంథంలో నమోదైన ఒక సంఘటన స్మరణకు వస్తుంది. ఒక ప్రయాణంలో కొందరు సహాబాలు హుమ్మరా అనే ఎర్రని చిన్న పిట్ట పిల్లలను రెండింటిని పట్టి తెచ్చారు. తల్లి పిట్ట వచ్చి రెక్కలు కొట్టుకుంటూ తల్లడిల్లసాగింది. దైవప్రవక్త (సఅసం) అది చూసి, పిల్లల విషయంలో దీనిని బాధపెట్టినది ఎవరని అడిగి, కూనలను తిరిగి ఇచ్చివేయమని ఆదేశించారు. ఆ ప్రయాణికులు వాటిని చంపలేదు, పట్టుకున్నారంతే. అయినా ఆ తల్లి తల్లడం ఆయన దృష్టిని దాటిపోలేదు. ఇవాళ గూటి వద్ద కెమెరా పట్టిన చేయి పిల్లలను తాకదన్నది నిజమే. కానీ తల్లి తల్లడం మాత్రం అదే.

దేశ చట్టమూ ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ‘వేట’ అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలో పక్షుల గుడ్లను పాడుచేయడమే గాక, వాటి గుడ్లను గాని గూళ్లను గాని అలజడికి గురిచేయడాన్ని కూడా చేర్చింది. తుపాకీ లేకపోయినా అది వేటే. అభయారణ్యాలలో ఫోటోగ్రఫీకి అటవీశాఖ అనుమతి అవసరమని కూడా అదే చట్టం చెబుతోంది. తమను తాము కాపాడుకునేందుకు పక్షులు కూడా వెనుకాడవు. బ్రిటన్‌కు చెందిన ప్రఖ్యాత పక్షి ఫోటోగ్రాఫర్ ఎరిక్ హాస్కింగ్ 1937లో రాత్రివేళ గుడ్లగూబ గూటి సమీపంలోని తన మరుగుకు ఎక్కుతుండగా, ఆ పక్షి చేసిన దాడిలో ఒక కంటిని కోల్పోయాడు.

అలాగని గూళ్లన్నీ నిషిద్ధ దృశ్యాలని మేము అనడం లేదు. బావి మీదికి వంగిన ఈతచెట్టుకు వేలాడే గిజిగాడి గూళ్లను ఆవలి గట్టు నుంచి చూస్తూ తీయవచ్చు. పసుపు తలతో మెరిసే మగపక్షి గడ్డిపోచలను ముడివేస్తూ గూడును సగం వరకు అల్లి, ఆడపక్షి వచ్చి పరీక్షించి మెచ్చేదాకా ఆగుతుంది. ఆమె ఒప్పుకుంటేనే మిగిలినది పూర్తిచేస్తుంది. ఈ సందడినంతా అవతలి గట్టున కూర్చుని గంటల తరబడి చూడవచ్చు. పక్షులు తమ పని తాము చేసుకుపోతాయి. ఉప్పలపాడు, నేలపట్టు వంటి చోట్ల గట్టు మీది నుంచో, అటవీశాఖ కట్టిన గోపురం మీది నుంచో తీసే చిత్రాలూ ఇటువంటివే. గుర్తుంచుకోవలసిన గీటురాయి ఒక్కటే: మన రాకతో పక్షి తన పని మానుకుందా, లేదా? అది మెడ నిక్కించి మన వైపే చూస్తున్నా, మేత మానినా, ఈకలు ఒంటికి బిగించి నిలుచున్నా, నోట ఆహారం పట్టుకుని గూటికి పోకుండా పక్క కొమ్మపై తచ్చాడుతున్నా, మనం హద్దు దాటామన్నమాట. వెంటనే నాలుగడుగులు వెనక్కు వేయాలి.

మరికొన్ని అలవాట్లు కూడా విడనాడవలసినవి. గుంపు మొత్తం ఒక్కసారిగా లేచే దృశ్యం కోసం చప్పట్లు కొట్టడం, పడవను గుంపులోకి తోలడం, డ్రోన్ ఎగరవేయడం కొందరికి వినోదం. శీతకాలపు వలస పక్షులలో హిమాలయాలు దాటి వచ్చేవీ ఉన్నాయి. తిరుగు ప్రయాణానికి కావలసిన బలాన్ని అవి ఇక్కడి మేతతోనే కూడగట్టుకోవాలి; అకారణంగా లేచిన ప్రతిసారీ ఆ బలం కొంత ఖర్చవుతుంది. ఫోన్‌లో పక్షి కూతను మోగించి పక్షిని రప్పించడం మరొక దురలవాటు. తన నేలలోకి మరో మగపక్షి చొరబడిందని భ్రమించి అది మేత, గూడు వదిలి వెతుకులాడుతుంది. రాత్రిపూట గుడ్లగూబ కళ్లలోకి ఫ్లాష్ కొట్టరాదు. అరుదైన పక్షి చిత్రాన్ని పదిమందికీ పంపేటప్పుడు దాని గూడు ఎక్కడుందో బయటపెట్టరాదు. ఫోన్ చిత్రంలో స్థల వివరాలు తమంతట తామే నమోదవుతాయన్న సంగతి చాలామంది గమనించరు. పక్షులను పట్టి అమ్మేవారు మాత్రం గమనిస్తారు.

పట్టి అమ్మడమన్న మాట వచ్చింది కనుక పెద్దలకు ఒక విన్నపం. మన దేశపు అడవి రామచిలుకలను, మునియా పిట్టలను కొని పంజరంలో ఉంచడం చట్టవిరుద్ధం. పిల్లలు ముచ్చటపడ్డారని తెచ్చేవారున్నారు. ఆ ముచ్చటను తీర్చే మంచి మార్గం ఇప్పుడు చేతికి వచ్చింది. పంజరంలోని చిలుక బదులు కొమ్మ మీది చిలుక చిత్రం గోడకు తగిలించండి. చిత్రం మనది అవుతుంది, చిలుక తన చెట్టుదిగానే ఉంటుంది.

ఇది మగపిల్లలకు మాత్రమే తగిన వ్యాపకమని ఎవరూ అనుకోరాదు. బీహార్‌లో పుట్టిన జమాల్ ఆరా అనే మహిళ పాఠశాల చదువుతోనే ఆగిపోయినా, ఛోటా నాగపూర్ అడవులలోని పక్షులను శ్రద్ధగా పరిశీలించి బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో వ్యాసాలు రాశారు. నేషనల్ బుక్ ట్రస్ట్ కోసం పిల్లలకు పక్షి పరిశీలన నేర్పే పుస్తకం కూడా ఆమె రచించారు. పట్టుదల, రాసిపెట్టుకునే అలవాటు ఉన్నవారికి డాబా మీది నుంచి కనిపించే చెట్టు కూడా ఒక పాఠశాలే.

రాసిపెట్టుకోవడం ఎందుకంటే, తేదీ, ప్రాంతం, సంఖ్య తోడైన చిత్రం సాక్ష్యమవుతుంది. దేశమంతటా సామాన్యులు నమోదు చేసిన లక్షలాది పరిశీలనల ఆధారంగా 2023లో భారతదేశ పక్షుల స్థితిపై ఒక నివేదిక వెలువడింది. తగ్గుముఖం పట్టిన పక్షులలో పాలపిట్ట కూడా ఉందని అది హెచ్చరించింది. తెలంగాణ రాష్ట్ర పక్షి అది. పొలం గట్లపై నిత్యం కనిపించేదని మనం ధీమాగా ఉన్న పక్షి. అది తగ్గుతున్నదన్న సంగతి తెలిసింది పరిశీలకుల చిన్న చిన్న నమోదుల వల్లనే. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజుల పాటు పెరటి పక్షుల లెక్కింపు ప్రపంచమంతటా జరుగుతుంది. ఇంటిల్లిపాదీ పావుగంట సేపు కిటికీ వద్ద కూర్చుని అందులో పాలుపంచుకోవచ్చు. దానికి ఖరీదైన లెన్స్ కూడా అవసరం లేదు.

శీతకాలపు సెలవులలో మీ పిల్లలు చెరువు గట్టు నుంచి తిరిగి వచ్చి ఉత్సాహంగా తమ చిత్రాలను చూపినప్పుడు తప్పక మెచ్చుకోండి. రంగులు బాగున్నాయనండి, కన్ను చక్కగా వచ్చిందనండి. ఆ తరువాత మెల్లగా ఒక ప్రశ్న అడగండి: “నువ్వు లేచి వచ్చేటప్పుడు ఆ పక్షి ఏం చేస్తోంది?” “ఇంకా అక్కడే చేపల కోసం చూస్తోంది” అని జవాబు వస్తే, ఆ చిత్రాన్ని నిశ్చింతగా గోడకు తగిలించవచ్చు.